ఒక మందుతో మూర్ఛ ఆగకపోతే?

బడిలో ప్రార్థనకు వరుసగా నిలబడ్డ పిల్లల్లో ఒకరు ఉన్నట్టుండి కిందపడి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మీలో కొందరైనా చూసి ఉంటారు. వెంటనే ఎవరో ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు. మరొకరు ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపిస్తారు. రెండు మూడు నిమిషాల్లో కొట్టుకోవడం ఆగుతుంది. “ఇనుము తగిలేసరికి తగ్గింది చూశారా!” అంటారు. నిజమేమిటంటే, చాలాసార్లు మూర్ఛ రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. తాళంచెవులు బీరువాలోనే ఉన్నా ఆగేది!

ఒకసారి వచ్చిన మూర్ఛ ఆగడం వేరు, మళ్ళీ మళ్ళీ రాకుండా ఆపడం వేరు. ఈ రెండో పని చేసేవి మందులు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛవ్యాధి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సరైన చికిత్స అందితే వారిలో 100కి 70 మంది వరకూ మూర్ఛలు లేకుండా జీవించగలరని కూడా ఆ సంస్థ చెబుతోంది. అయితే మొదట ఇచ్చిన మందు అందరికీ పనిచేయదు. అప్పుడు వైద్యులు రెండో మందు వైపు చూస్తారు. ఆ రెండో మందు ఏమిటి? దానిని ఎలా ఎన్నుకుంటారు? దానివల్ల వచ్చే ప్రమాదాలేమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మెదడులో జరిగేదేమిటి?

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఇవి ఒకదానితో ఒకటి విద్యుత్ సంకేతాల ద్వారా మాట్లాడుకుంటాయి. నాడీకణం పొరలో సన్నని ద్వారాలుంటాయి. సోడియం అయానులు ఆ ద్వారాల గుండా లోపలికి జొరబడితే కణం ఉత్తేజితమై సంకేతం పంపుతుంది. సంకేతం కణం చివరకు చేరగానే అక్కడి చిన్న తిత్తుల నుంచి కొన్ని రసాయనాలు వెలువడి పక్క కణాన్ని తాకుతాయి. వాటిలో గ్లూటమేట్ అనేది పక్క కణాన్ని ‘కానీయ్’ అని తొందరపెడుతుంది. గాబా అనేది ‘ఆగు’ అని అదుపుచేస్తుంది. ఈ రెండింటి సమతూకం మీదనే మెదడు పని నడుస్తుంది.

ఒక సభను ఊహించుకోండి. వెయ్యి మంది కూర్చుని ఎవరికి వారు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఎవరి మాట వారికి వినబడుతోంది. ఇంతలో ఒక మూల నుంచి కొందరు ఒకే తాళంలో చప్పట్లు మొదలుపెట్టారు. పక్కవారు అందుకున్నారు. చివరకు సభంతా అదే చప్పుడు! ఇక ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మూర్ఛలో జరిగేదీ ఇదే. ఎన్నో నాడీకణాలు ఒక్కసారిగా, ఒకే లయలో ఉత్తేజితమవుతాయి. ఆ ఉద్రేకం మెదడులో ఒక మూలకే పరిమితమైతే ఒక చెయ్యి మాత్రమే అదరవచ్చు. మెదడంతా వ్యాపిస్తే స్పృహ పోతుంది. 1929లో జర్మనీ శాస్త్రవేత్త హాన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్ తరంగాలను గీతలుగా నమోదుచేసే పద్ధతిని ప్రకటించాడు. అదే నేటి ఇ.ఇ.జి. పరీక్ష.

మందులు చేసేదేమిటి?

మూర్ఛ మందులు వ్యాధిని వేళ్ళతో పెరికివేయవు. అవి నాడీకణాల అతి ఉద్రేకాన్ని అణచి ఉంచుతాయి. ఇందుకు ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది సోడియం ద్వారాలను అదుపుచేయడం. ఫెనిటాయిన్, కార్బమజిపిన్, లామోట్రిజిన్ ఈ జట్టులోవి. రెండోది ‘ఆగు’ అనే గాబాకు బలం చేకూర్చడం. ఫినోబార్బిటాల్, క్లోబజామ్, విగాబాట్రిన్ ఈ పని చేస్తాయి. మూడోది, రసాయనాలను వెలువరించే తిత్తుల మీద పనిచేయడం. లెవెటిరాసిటామ్ ఈ దారి పట్టింది. కొన్ని మందులు ఒకటికి మించిన దారుల్లో పనిచేస్తాయి. వాల్ప్రోయేట్, టోపిరమేట్ అలాంటివి.

ఇక్కడొక చిక్కుంది. మామూలుగా పనిచేసే నాడీకణాలకూ ఇవే ద్వారాలు, ఇదే గాబా. కనుక మందు మోతాదు మించితే మంచి పనికి కూడా కళ్ళెం పడుతుంది. మత్తు, తూలు, మందకొడితనం వస్తాయి. మూర్ఛ మందుల ప్రయోజనమూ ప్రమాదమూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని దీనినిబట్టి మీరు గ్రహించవచ్చు.

పాత మందుల కథ

1857లో లండనులో చార్లెస్ లోకాక్ అనే వైద్యుడు పొటాషియం బ్రోమైడు మూర్ఛను తగ్గిస్తుందని చెప్పాడు. ఫలితం ఇచ్చిన మొదటి మందు అదే. కాని దానితో మత్తు, చర్మంపై పొక్కులు వచ్చేవి. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ ఫినోబార్బిటాల్ గుణాన్ని కనుగొన్నాడు. 1938లో అమెరికాలో మెరిట్, పట్నం అనే ఇద్దరు వైద్యులు ఫెనిటాయిన్‌ను వాడుకలోకి తెచ్చారు. మత్తు అంతగా కలిగించకుండానే మూర్ఛను ఆపవచ్చని అది నిరూపించింది.

వాల్ప్రోయేట్ కథ మరీ విచిత్రం. దీనికి మూలమైన ఆమ్లాన్ని 1882లోనే బర్టన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. సుమారు 80 ఏళ్ళపాటు దానిని ఇతర పదార్థాలను కరిగించే ద్రవంగానే చూశారు. 1962లో ఫ్రాన్సులో పియర్ ఏమార్ అనే పరిశోధకుడు కొన్ని కొత్త పదార్థాలను దానిలో కరిగించి మూర్ఛపై పరీక్షించాడు. ఆశ్చర్యం! ఏ పదార్థం కరిగించినా మూర్ఛ తగ్గుతోంది. అయితే పనిచేస్తున్నది ఏది? కరిగినది కాదు, కరిగించినదే! ప్రయోగంలో ‘మామూలు’ అనుకున్న వస్తువును కూడా విడిగా పరీక్షించాలని ఇది నేర్పుతుంది.

మొదటి మందు, రెండో మందు

స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో క్వాన్, బ్రాడీ అనే వైద్యులు అప్పటివరకూ ఏ మందూ వాడని 470 మంది రోగులను ఏళ్ళ తరబడి గమనించారు. ఆ ఫలితాలను 2000లో ప్రకటించారు. 100 మందికి లెక్కగట్టి చూడండి.

మొదటి మందుతోనే మూర్ఛలు ఆగినవారు 47 మంది.
దానిని మార్చి ఇచ్చిన రెండో మందుతో ఆగినవారు 13 మంది.
మూడో మందుతో ఆగినది ఒక్కరికి.
రెండు మందులు కలిపి వాడితే ఆగినవారు 3 మంది.

మొత్తం 64. మిగిలిన 36 మందికి మూర్ఛలు పూర్తిగా ఆగలేదు. మొదటి మందు నుంచి మూడోదానికి వచ్చేసరికి ఫలితం ఎంతగా పడిపోయిందో చూశారా? 2018లో అదే నగరం నుంచి 1,795 మంది రోగుల వివరాలు వచ్చాయి. మధ్యలో ఎన్నో కొత్త మందులు వచ్చినా, మూర్ఛలు ఆగినవారు మళ్ళీ 100కి 64 మందికి దగ్గరగానే ఉన్నారు. కొత్త మందులు కొందరికి దుష్ఫలితాలు తగ్గించాయి గాని, మొండి మూర్ఛను లొంగదీయలేకపోయాయి.

మొదటి మందుతో ఫలితం లేనప్పుడు వాడేదే ‘రెండో వరుస’ మందు. రెండో వరుస అంటే ఎక్కువ బలమైనదని కాదు, తక్కువ రకమనీ కాదు. అది వేరే మందు, అంతే. ఒకరికి మొదటి మందు అయినది మరొకరికి రెండో మందు కావచ్చు. 1999లో అమెరికాలో లెవెటిరాసిటామ్‌ను వేరే మందుకు తోడుగా మాత్రమే అనుమతించారు. నేడు చాలామంది వైద్యులు దానిని మొదటి మందుగానే ఇస్తున్నారు.

మార్చేముందు అడిగే ప్రశ్నలు

మొదటి మందు పనిచేయలేదనగానే వైద్యుడు వెంటనే రెండోది రాయడు. ముందు కొన్ని ప్రశ్నలు వేసుకుంటాడు.

రోగి మందును రోజూ వేళకు వేసుకుంటున్నాడా? తరచుగా లోపం ఇక్కడే ఉంటుంది. మాత్ర వేసుకున్న తరువాత దాని పాలు రక్తంలో పెరిగి, క్రమంగా తగ్గుతుంది. తగ్గేలోగా మరో మాత్ర పడాలి. ఒక పూట మానితే రక్షణ పలచబడుతుంది. పరీక్షల రోజుల్లో నిద్ర మానుకోవడం కూడా మూర్ఛను పిలుస్తుంది.

మోతాదు సరిపోయిందా? అసలు ఇది మూర్ఛవ్యాధేనా? అయితే ఏ రకం? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. కొందరు పిల్లలు పాఠం మధ్యలో కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. పిలిచినా పలకరు, వెంటనే మామూలైపోతారు. ఉపాధ్యాయులు ‘పరధ్యానం’ అని కోప్పడతారు. అది ఒక రకం మూర్ఛ కావచ్చు. దానికి ఇథోసక్సిమైడ్ బాగా పనిచేస్తుంది. కార్బమజిపిన్ ఇస్తే తగ్గకపోగా పెరగవచ్చు! మెదడులో ఒక మూల మొదలయ్యే మూర్ఛకు మంచి మందయిన కార్బమజిపిన్, ఇక్కడ శత్రువవుతుంది. వ్యాధి పేరు ఒకటే అయినా మందు ఒకటే కాదని గుర్తుంచుకోండి.

ప్రతి మందుకూ ఒక వెల

ఇప్పుడు రెండో వరుసలో తరచుగా వినిపించే మందులను ఒక్కొక్కటిగా చూద్దాం.

లామోట్రిజిన్: మత్తు తక్కువ, ఎన్నో రకాల మూర్ఛలకు పనికివస్తుంది. కాని కొందరికి ఒంటిమీద దద్దురు వస్తుంది. అరుదుగా అది ముదిరి, చర్మం ఊడే ప్రాణాపాయ స్థితి ఏర్పడుతుంది. పెద్దలకంటె పిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువ. మోతాదును వారాల తరబడి మెల్లమెల్లగా పెంచితే ప్రమాదం బాగా తగ్గుతుంది. దద్దురు కనబడిన రోజే వైద్యునికి చూపాలి.

టోపిరమేట్: 1979లో అమెరికాలో మధుమేహానికి మందు వెదుకుతూ, పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ చక్కెర నుంచి తయారుచేసిన పదార్థమిది. చివరకు మూర్ఛకు పనికివచ్చింది. దీనివల్ల ఆకలి తగ్గవచ్చు, మాట్లాడేటప్పుడు కావలసిన పదం తట్టకపోవచ్చు, మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడవచ్చు. కొందరు పిల్లలకు చెమట పట్టడం తగ్గుతుంది. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు కదా! రెంటచింతల, రామగుండం ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. ఈ మందు వాడే పిల్లలు నీళ్ళు బాగా తాగాలి, మిట్టమధ్యాహ్నం ఆటలు మానాలి.

లెవెటిరాసిటామ్: ఇతర మందులతో తగాదా పడదు, మోతాదు త్వరగా పెంచవచ్చు. కాని కొందరిలో చిరాకు, కోపం, దిగులు కలిగిస్తుంది. శాంతంగా ఉండే పిల్లవాడు మందు మొదలైన తరువాత అందరిమీదా విరుచుకుపడుతుంటే అది వాడి తప్పు కాకపోవచ్చు. ఇంట్లోవారు గమనించి వైద్యునికి చెప్పాలి.

క్లోబజామ్: మరో మందుకు తోడుగా ఇస్తారు. త్వరగా పనిచేస్తుంది. మత్తు కలిగించవచ్చు. కొందరిలో శరీరం దానికి అలవాటుపడి, కొన్నాళ్ళకు ఫలితం తగ్గుతుంది. అలవాటుపడిన శరీరానికి దానిని హఠాత్తుగా ఆపివేస్తే మూర్ఛలు ఉద్ధృతంగా వస్తాయి.

వాల్ప్రోయేట్: చాలా రకాల మూర్ఛలకు గట్టి మందు. కాని రెండేళ్ళలోపు పిల్లల్లో కొందరికి కాలేయాన్ని దెబ్బతీసింది. గర్భిణులు వాడితే సుమారు 10 మంది శిశువుల్లో ఒకరికి పుట్టుకతో లోపాలు వస్తాయి. పిల్లల చదువూ తెలివీ కూడా దెబ్బతినవచ్చు. అందుకే బాలికలకూ యువతులకూ వేరే మందు పనిచేసేటప్పుడు దీనిని వాడరు. అయినా ఇప్పటికే వాడుతున్నవారు భయపడి సొంతంగా మానకూడదు. వైద్యుని అడిగి మార్పించుకోవాలి.

చూపును అడిగిన మందు

విగాబాట్రిన్ కథ విడిగా చెప్పుకోవలసినది. వాల్ప్రోయేట్ లాగ ఇది అనుకోకుండా దొరకలేదు. మెదడులో గాబాను విరగగొట్టే ఎంజైము ఒకటుంది. దానిని అడ్డుకుంటే గాబా నిలువ పెరుగుతుంది కదా అని ఆలోచించి, అందుకు తగినట్టుగా ఈ అణువును నిర్మించారు. 1989లో బ్రిటనులో ఇది వాడుకలోకి వచ్చింది. మొండి మూర్ఛలు తగ్గాయి. అందరూ సంతోషించారు.

1997లో బ్రిటిష్ వైద్యులు కొందరు రోగులలో ఒక సంగతి బయటపెట్టారు. వారికి ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతోంది, పక్కల చూపు మాత్రం పోతోంది. గొట్టంలోంచి చూసినట్టుగా దృష్టి ఇరుకైపోతోంది. కంటిలోని రెటీనా దెబ్బతినడమే కారణం. దీర్ఘకాలం వాడిన పెద్దలలో సుమారు మూడోవంతు మందికి ఇలా జరుగుతుందని తరువాత తేలింది. పోయిన చూపు తిరిగి రాదు. ఇది మెల్లగా జరుగుతుంది గనుక రోగికి తెలియదు కూడా.

అయితే ఈ మందును పారేశారా? లేదు. పసిపిల్లలకు వచ్చే ఒక తీవ్రమైన మూర్ఛ ఉంది. బిడ్డ ఉలిక్కిపడినట్టు పదేపదే ముందుకు ముడుచుకుపోతుంది. దానిని త్వరగా ఆపకపోతే మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. ఆ మూర్ఛకు, ముఖ్యంగా ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జబ్బు ఉన్న బిడ్డలకు, విగాబాట్రిన్ చాలా బాగా పనిచేస్తుంది. అందుకే 2009లో అమెరికా కూడా దీనిని అనుమతించింది, క్రమం తప్పకుండా కంటి పరీక్షలు చేయాలన్న షరతుతో. ఒకవైపు మెదడు ఎదుగుదల, మరోవైపు పక్కచూపు. తల్లిదండ్రులూ వైద్యుడూ కలిసి తూచి నిర్ణయించుకోవలసిన త్రాసు ఇది.

ఫెల్బమేట్ అనే మరో మందు 1993లో అమెరికాలో వచ్చింది. ఏడాది తిరిగేసరికి కొందరిలో ఎముకల మూలుగ రక్తకణాలను తయారుచేయడం మానేసింది, కొందరి కాలేయం చెడింది. 1994 నుంచి దానిని, వేరే దారి లేని కొద్దిమంది రోగులకే కట్టుదిట్టంగా ఇస్తున్నారు. కొన్ని వందల మందిపై చేసిన పరీక్షలో కనబడని ప్రమాదం, వేలాది మంది వాడినప్పుడు బయటపడవచ్చు. మందు బజారులోకి వచ్చిన తరువాత కూడా నిఘా అవసరమన్నది ఇందుకే.

రెండు మందులు కలిస్తే

మందులను విరగగొట్టి బయటకు పంపే పని చాలావరకు కాలేయానిది. కార్బమజిపిన్, ఫెనిటాయిన్ ఈ పనిని వేగిరపరుస్తాయి. అప్పుడు తోడుగా ఇచ్చిన మందు త్వరగా ఖర్చయిపోయి చాలకపోవచ్చు. వాల్ప్రోయేట్ ఇందుకు విరుద్ధం. అది లామోట్రిజిన్ విరిగే వేగాన్ని తగ్గిస్తుంది. ఫలితంగా లామోట్రిజిన్ రక్తంలో రెట్టింపు కాలం నిలుస్తుంది. మామూలు మోతాదు ఇస్తే అది అతి మోతాదు అవుతుంది. అందుకే ఈ రెండూ కలిపి వాడేటప్పుడు లామోట్రిజిన్‌ను సగం మోతాదుతో మొదలుపెడతారు.

మందు మార్చేటప్పుడు కూడా తొందర పనికిరాదు. కొత్తదానిని మెల్లగా పెంచుతూ, పాతదానిని మెల్లగా తగ్గిస్తారు. పాతదానిని ఒక్కసారిగా మానివేస్తే ఆగకుండా మూర్ఛలు వచ్చే ప్రమాదముంది. మూర్ఛ 5 నిమిషాలు దాటితే అది అత్యవసర స్థితి. ఆస్పత్రిలో ముందుగా లోరాజిపామ్ వంటి మందు ఇస్తారు. అది పనిచేయకపోతే అక్కడా రెండో వరుస మందే శరణ్యం. ఫెనిటాయిన్ జట్టులోని ఫాస్‌ఫెనిటాయిన్, వాల్ప్రోయేట్, లెవెటిరాసిటామ్‌లలో ఏది మేలు? 2019లో వెలువడిన అమెరికా పరిశోధనలో మూడూ సమానంగానే తేలాయి. ఒక్కొక్కటీ సుమారు సగం మందిలో మూర్ఛను ఆపింది.

రెండూ ఓడిపోతే?

సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా మూర్ఛలు ఆగకపోతే దానిని మందులకు లొంగని మూర్ఛ అంటారు. దారి మూసుకుపోయిందని దీని అర్థం కాదు. మెదడులో మూర్ఛ పుట్టే చోటు స్పష్టంగా తెలిసి, అది తీయదగినదైతే శస్త్రచికిత్స చేస్తారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ 1995 నుంచి ఇటువంటి శస్త్రచికిత్సలు చేస్తోంది. కొందరు పిల్లలకు కొవ్వు ఎక్కువగా, పిండి పదార్థం అతి తక్కువగా ఉండే ప్రత్యేక ఆహారం ఫలితమిస్తుంది. ఇది కూడా వైద్యుల పర్యవేక్షణలోనే సాగాలి. ఏళ్ళ తరబడి మందులు మారుస్తూ కూర్చోకుండా, ఇటువంటి రోగులను త్వరగా పెద్ద ఆస్పత్రికి పంపడం మంచిది.

మీరు చేయగలిగినది

మీ స్నేహితుడికి మూర్ఛ వస్తే చుట్టూ ఉన్న బల్లలు జరపండి. తలకింద మెత్తనిది పెట్టండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు, గట్టిగా అదిమి పట్టవద్దు. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయండి. తెలివి వచ్చేదాకా పక్కనే ఉండండి.

స్నేహితుడు మందు వాడుతుంటే వేళకు గుర్తుచేయండి. “రెండేళ్ళయింది, ఇక మానెయ్” అని సలహా ఇవ్వకండి. ఎప్పుడు, ఎలా మానాలో చెప్పవలసింది వైద్యుడు. మందు మొదలైన తరువాత వాడి చర్మంలో, చూపులో, మాటలో, కోపతాపాల్లో మార్పు కనబడితే ఇంట్లోవారికి చెప్పమనండి. దుష్ఫలితాన్ని తొలిరోజుల్లో పసిగట్టేది చాలాసార్లు రోగి పక్కన ఉన్నవారే. ఆ పక్కన ఉన్నది మీరే కావచ్చు!

మీరు చెప్పగలరా?

1. గ్లాస్గో లెక్క ప్రకారం, మొదటి మందుతో మూర్ఛ ఆగని 53 మందిలో ఎందరికి తరువాత ఆగింది?
2. లామోట్రిజిన్‌ను వాల్ప్రోయేట్‌తో కలిపి ఇచ్చేటప్పుడు సగం మోతాదుతో ఎందుకు మొదలుపెడతారు?
3. ఏమార్ ప్రయోగంలో, కరిగించిన ద్రవమే పనిచేస్తోందని నిర్ధారించాలంటే మీరైతే ఏ పరీక్ష చేస్తారు?
4. టోపిరమేట్ వాడే విద్యార్థి వేసవిలో ఎందుకు జాగ్రత్తగా ఉండాలి?